పెద్దాడు, చిన్నాడు, ఒక పసుపు బొట్టు

దంతెవాడ దాటి కిరందుల్ వైపు సాగే రైలుమార్గం పక్కన, కొండవాలులో, ముప్పై ఆరు క్వార్టర్ల రైల్వే కాలనీ ఒకటి ఉన్నది. ఇనుపరాయి నింపుకొన్న బండ్లు పగలంతా ఆ కాలనీ ముందునుంచి దిగువకు పోతుంటాయి. వాటి వెంట లేచే ఎర్రని ధూళి ఆరవేసిన బట్టల మీద, తులసికోట మీద, చర్చి మెట్ల మీద ఒకే విధంగా వాలుతుంది. ఆ ధూళిని కడిగి నేలకు అసలు రంగు తెచ్చేది వానకాలం ఒక్కటే. తెచ్చి ఊరకుండదు, కాలనీ నడుమ, ఉద్యోగుల క్లబ్బయిన ఇన్‌స్టిట్యూట్ మైదానంలో గడ్డిని వారానికి జానెడు పెంచుతుంది.

ఆ గడ్డిని పదకొండేండ్లుగా కోస్తున్నవాడు తాతబాబు. ట్రాక్ మెషీన్ల మెకానిక్కుగా పనిచేసి పదవీవిరమణ పొందిన తరువాత, విజయనగరం వైపు స్వగ్రామానికి పోక, కాలనీ గేటుకు ఎదురుగా రెండు గదులు కట్టుకొని భార్య వరహాలమ్మతో స్థిరపడిపోయాడు. యంత్రధ్వని లేని చోట ఆయనకు అన్నం సహించదు. ఇన్‌స్టిట్యూట్ వారు ఆయనకు ఇచ్చింది జీతం కాదు. గడ్డికోత యంత్రం ఉంచే షెడ్డు తాళంచెవి. దానిని ఆయన మొలతాటికి కట్టుకున్నాడు. స్నానానికి కూడా విప్పేవాడు కాడు.

యంత్రం పెట్రోలుతో నడిచేది. వరహాలమ్మ దానికి పెద్దాడు అని పేరు పెట్టింది. తాడు లాగితే పెద్దాడు మొదట దగ్గుతాడు, తరువాత అలుగుతాడు, పన్నెండో లాగుకో పదమూడో లాగుకో నీలిపొగ కక్కి లేస్తాడు. లేచిన తరువాత మాత్రం మైదానం ముగిసే దాకా ఆగడు. ఎర్రధూళికి గాలి జల్లెడ పూడుకుపోతే తాతబాబు దానిని విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఎండబెట్టి, మరల బిగిస్తాడు. ప్లగ్గు తడిస్తే పంచె చెంగుతో తుడుస్తాడు. ఆ యంత్రం ఏ రోజున ఏ రోగంతో పడుతుందో ఆయనకు తెలుసు. ఆయన ఏ రోజున విసుగుతాడో యంత్రానికి తెలుసునని వరహాలమ్మ అంటుంది.

ఆషాఢంలో చిన్నాడు వచ్చాడు. వాడు బ్యాటరీతో నడిచే యంత్రం. ఇన్‌స్టిట్యూట్ కమిటీ చేత దానిని తెప్పించినవాడు సునీల్‌కుమార్, సిగ్నల్ శాఖ మెయింటెయినర్. అతనిదీ విజయనగరం వైపే, బొబ్బిలి. ఆదివారం చర్చి ప్రార్థనకు తప్పడు, తాతబాబు ఇంట సోమవారం టీ తప్పడు. బొత్తాము నొక్కగానే చిన్నాడు, ఏ దగ్గూ ఏ అలకా లేకుండా, తుమ్మెద రొదవంటి సన్నని చప్పుడుతో గడ్డి కోతకు దిగుతాడు.

తగవు షెడ్డు దగ్గర మొదలైంది. ఆ షెడ్డులో వాన పడితే తడవని మూల ఒక్కటే. ఇద్దరిని ఉంచే చోటు లేదు. అందుచేత ఇన్‌స్టిట్యూట్ కార్యదర్శి కమలేష్ ఒక ఉపాయం చెప్పాడు. అతడు జగదల్‌పుర్ వాడు, స్టేషన్ ఆఫీసులో గుమాస్తా; కాలనీలో ఉండి ఉండి తెలుగు నేర్చాడు. రైలు నిమిషం నిలిచినా ఎందుకు నిలిచిందో, ఏ శాఖ వల్ల నిలిచిందో రాసి సంతకాలు చేయించడం అతని పని.

"చూడు దాదా," అన్నాడు కమలేష్ తాతబాబుతో, "మనం రైల్వేవాళ్ళం. నోటిమాట మీద ఎవర్నీ పాస్ చెయ్యం, ఎవర్నీ ఫెయిల్ చెయ్యం. ఫెయిల్యూర్ రిజిస్టర్ పెడదాం. వానలు అయ్యేదాకా ఇద్దరూ పని చేస్తారు. ఎవడు ఎక్కువసార్లు ఆగిపోతే వాడు కండెమ్. పాత ఇనుముకి పోతాడు."

"మరి షెడ్డు తాళమో?" అన్నాడు తాతబాబు.

కమలేష్ కొంచెం తడబడి, "ఏ మెషీన్ ఉంటే ఆ మెషీన్‌వాడి దగ్గర తాళం. అదే కదా కాయిదా, మన రూలు," అన్నాడు.

తాతబాబు మొల దగ్గర చేయి వేసుకొని తాళంచెవి ఉన్నదో లేదో చూసుకున్నాడు. ఆనాటినుంచి వాన చినుకు పడితే ఆయన షెడ్డుకు పోయి పెద్దాడి ప్లగ్గు తడిసిందేమో చూసేవాడు.

శ్రావణం ముగిసేసరికి రిజిస్టరులో పెద్దాడి పేరున ఆరు, చిన్నాడి పేరున ఆరు ఫెయిల్యూర్లు చేరాయి. పెద్దాడివి తెలిసిన రోగాలే: రెండుసార్లు జల్లెడలో ధూళి, మూడుసార్లు తడిసిన ప్లగ్గు, ఒకసారి నిలవ పెట్రోలు జిగురై నాళం పూడుకుపోవడం. చిన్నాడివి వేరు. కొండమీద ఉరుము ఉరిమితే కాలనీలో కరెంటు పోతుంది. రెండేసి రోజులు రాక, చిన్నాడు ఆకలితో పడుకున్నాడు. అటువంటివి నాలుగు. తడిగడ్డిలో మొండిగా నెట్టితే వేడెక్కి, తనంతట తాను ఆగి, చల్లబడే దాకా ఎవరి మాటా వినలేదు. అటువంటివి రెండు.

సాయంకాలాలు మైదానం అంచున ఉన్న సిమెంటు బల్ల మీద ఈ విషయమే చర్చ.

"పెద్దాడు సచ్చేముందు దగ్గుతాడురా సునీలూ," అనేవాడు తాతబాబు. "ముందే సెప్పి సస్తాడు. నీవోడు సెప్పాపెట్టకుండా టక్కున ఆగిపోతాడు. నమ్మకం ఎవడిమీద ఎట్టాలి మరి?"

"దగ్గు ఇనీసి నువ్వేటి సేత్తావు మావా? నువ్వు మందు ఎతికేలోగా వాన పడిపోద్ది. మావోడు ఆగితే రెండో బాటరీ ఎట్టుకుంటాను, అంతే."

"కరెంటు లేకపోతే రెండోదీ బొమ్మే కదరా."

"పెట్రోలు లేకపోతే నీవోడు మటుకు ఏటి, గాలి తాగుతాడా?"

"పెట్రోలు నా స్కూటర్లో ఉంటాదిరా. నీ కరెంటు నీ జోబీలో ఉందేటి?"

ఈ వాదానికి మధ్యవర్తి భీమే అనే పిల్ల. ఆవపల్లి దాటి అడవిలో నడిచి పోవలసిన పల్లె ఆమెది. అత్త ఇంట ఉండి ఇన్‌స్టిట్యూట్ ఊడ్చే పని చేస్తూ, సాయంత్రం ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు గోలు కాస్తుంది. గోలు దగ్గర గడ్డి పెరిగితే బంతి ఎటు తిరుగుతుందో తెలియదు గనుక, ఈ యంత్రాల తగవులో ఆమెకు స్వప్రయోజనమూ ఉన్నది. కోసిన గడ్డి తట్టకెత్తుకొని పోయేదీ ఆమెయే.

"ఏంది తాతా," అన్నది ఆమె ఒకనాడు, తట్ట దించి. "పెద్దోడు కోసిన గడ్డి మా అత్త ఆవు ముడ్తలేదు. పెట్రోల్ వాసనొస్తున్నదంట. చిన్నోడిదైతే ఒక్క పోస మిగల్చలే."

"ఆవు కూడా సిగ్నల్ డిపార్టుమెంటేనేటి?" అన్నాడు తాతబాబు.

"ఆవుది ఏ డిపార్ట్‌మెంటో నాకేమెరుక. మా ఊళ్ళయితే ఆవుకు ఇంత సోకు లేదు. పెద్దోడిని మా ఊరికి పంపు తాతా. బడి కాడ గడ్డి నడుము దాకా ఉన్నది. పిల్లలు బంతి ఆడుదామంటే పాములున్నయని సార్లు వద్దంటున్నరు."

"చిన్నోడిని తీసుకుపోవే," అన్నాడు సునీల్‌కుమార్ నవ్వుతూ.

"కరెంటే మూడొద్దులకోపారి వస్తది అన్నా. వచ్చినా, గదంత బ్యాటరీ నింపుతదా?"

ఆ మాటను ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు.

భాద్రపదం వచ్చింది. సెప్టెంబరు పదునేడవ తేదీ విశ్వకర్మ పూజ. యంత్రాన్ని ముట్టి బ్రతికేవారికి అంతకు మించిన పర్వం లేదు. ఆ దినం సుత్తినుంచి క్రేను వరకు ప్రతి పనిముట్టూ స్నానం చేసి, బంతిపూలు ధరించి, విశ్రాంతి తీసుకుంటుంది. మరునాటి ఉదయం దాకా దానిని కదపరాదు. ఈ ఏడు పూజకు ఒక చిక్కు తోడైంది. పందొమ్మిదిన దంతెవాడ జట్టుతో ఆడపిల్లల మ్యాచ్. పది దినాలు ఎడతెగక కురిసిన వానకు మైదానం వరిమడిలా ఉన్నది. కనుక పద్దెనిమిది తెల్లవారి ఒక సగం పెద్దాడు, ఒక సగం చిన్నాడు కోయాలని, ఆ ఒక్క పూటతో ఆరుకు ఆరు అన్న సమం తేలిపోవాలని కమలేష్ నిర్ణయించాడు. ఆగినవాడు ఇంటికి. తాళం నిలిచినవాడికి.

పూజనాడు ఇన్‌స్టిట్యూట్ వసారాలో దేవుని పటం ముందు ఇద్దరినీ పక్కపక్కన నిలిపారు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి తిప్పింది సునీల్‌కుమారే. ప్రతి ఏడూ అతనికే ఆ పని. యంత్రం ముట్టే చేతిని ఆ దినం నీది ఏ గుడి అని కాలనీలో ఎవరూ అడగరు. బొట్లు పెట్టవలసింది వరహాలమ్మ. పసుపు, గంధం గులాబినీటితో చిక్కగా కలిపి గిన్నెలో తెచ్చింది.

ఆ ఇంటి ఆచారం ఒకటి ఉన్నది. ఊరివారందరూ యంత్రానికి పైన బొట్టు పెడతారు. తాతబాబు ఇంట లోపల పెడతారు. పెద్దాడికి మూత తీసి, ప్లగ్గు ఊడదీసి, దాని నెత్తిన పసుపు రాస్తారు. పై రేకుకు పెట్టిన బొట్టు యంత్రానికి పెట్టినట్టు కాదని, అది అంగీకి పెట్టినట్టని తాతబాబు వాదం. మరునాడు ఉదయం పని మొదలుపెట్టేముందు పెట్రోలు గుడ్డతో ప్లగ్గు తుడిచి మరల బిగించడం ఆయన మరువని విధి.

పెద్దాడి పని అయ్యాక వరహాలమ్మ చిన్నాడి ముందు కూర్చున్నది. సునీల్‌కుమార్ హారతి పళ్ళెం పట్టుకొని పిల్లలకు చూపడానికి అవతలికి వెళ్ళాడు.

"వీడికి ప్లగ్గు లేదు కదా. ఎక్కడెట్టమంటారు?" అని అడిగింది.

తాతబాబు ఆలోచించాడు. మనసులో ఎంత పోటీ ఉన్నా, పర్వదినాన ఒకరికి లోపల, ఒకరికి పైన అంటే పంక్తిభేదం అవుతుంది. ఆయన చిన్నాడి బ్యాటరీని ఊడదీశాడు. దాని అడుగున సన్నని గాళ్ళు ఉన్నాయి. ఆ గాళ్ళ లోతున ఇత్తడి పళ్ళు మెరుస్తున్నాయి.

"ఇదిగో, పేణం ఈ పళ్ళలోంచే ఎల్తాది. ఇక్కడెట్టు."

"ఏలు దూరదండి."

"సీపురుపుల్లతో ఎట్టు. లోపలికంటా ఎట్టు. పొరుగోడి బిడ్డని సులకన సేసినట్టుండకూడదు."

ఆమె చీపురుపుల్లను గిన్నెలో ముంచి, గాడి గాడికీ, పన్ను పన్నుకూ, ఎంతో శ్రద్ధగా పసుపు పెట్టింది. పక్కనున్న రెండో బ్యాటరీకీ అలాగే పెట్టింది. బ్యాటరీని ఆయన భద్రంగా స్వస్థానంలో కూర్చోబెట్టాడు. ఇద్దరూ కలిసి నమస్కరించారు.

మరునాడు తెల్లవారింది. ఆకాశం తాత్కాలికంగా ఉపశమించినట్టున్నది గాని, బైలాడీలా కొండల మీద మేఘాలు బరువుగా కూర్చొని ఉన్నాయి. ఎనిమిదికి సునీల్‌కుమార్ డ్యూటీ ఎక్కాలి. తొమ్మిదికి వాన దిగేటట్టున్నది. కమలేష్ రిజిస్టరు చంక పెట్టుకొని, మైదానం మధ్య సున్నపు గీత గీయించి నిలబడ్డాడు. భీమే తట్ట బోర్లించి దాని మీద కూర్చున్నది.

తాతబాబు నిత్యంవలెనే మొదట పెద్దాడి ప్లగ్గు ఊడదీశాడు. గుడ్డ పెట్రోలులో తడిపి, ఎండి పొక్కులు కట్టిన పసుపును తుడిచాడు. గుడ్డ పచ్చనైంది. ప్లగ్గు బిగించి, తాడు చేతికి చుట్టుకొని, దేవుణ్ణి తలచుకున్నాడు.

"ముందు చిన్నోడు, దాదా," అన్నాడు కమలేష్. "వాడికి టైము లేదు."

సునీల్‌కుమార్ బ్యాటరీ మీది చిన్న మీట నొక్కి చూశాడు. నాలుగు పచ్చని దీపాలూ వెలిగాయి. కడుపు నిండి ఉన్నది. యంత్రం బొత్తాము నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. బ్యాటరీ తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టి నొక్కాడు. రెండో బ్యాటరీ మార్చి నొక్కినా అంతే. వానకు ముందరి గాలి తప్ప మైదానంలో మరే శబ్దమూ లేదు.

"ఏంది అన్నా, చిన్నోడు ఉపాసముండెనా?" అన్నది భీమే.

"కడుపు నిండే ఉందే. కరెంటు ఉంది, మోటారుకి ఎల్లట్లేదు." అతడు యంత్రాన్ని పక్కకు వాల్చి చూశాడు, తీగలు కదిపి చూశాడు. "కరెంటు చూసే నా మీటరు స్టేషన్ రిలే రూములో ఉండిపోయింది. తెచ్చీసరికి డ్యూటీ టైము అయిపోద్ది. లోపల బోర్డు పోయినట్టుంది కమలేష్ బాబూ. కంపెనీవోళ్ళు రావాలి. రాసెయ్యండి. ఫెయిల్యూర్, సిగ్నల్ శాఖ."

అతడు ఆ మాట ఏ వాదమూ లేకుండా అన్నాడు. కమలేష్ కలం తీశాడు.

తాతబాబు చేతిలో పచ్చని గుడ్డ ఉన్నది. ఆయన ఆ గుడ్డను చూశాడు. చిన్నాడిని చూశాడు. చీపురుపుల్ల, గాళ్ళు, ఇత్తడి పళ్ళు, ఒక్కొక్కటిగా కళ్ళముందు నిలిచాయి. పెద్దాడి పసుపు తుడవకుండా తాడు లాగితే నూరు లాగులకైనా లేవడని తనకు పదకొండేండ్లుగా తెలుసు. చిన్నాడి పసుపు తుడవాలన్న ఊహ తనకు తట్టనే లేదు.

ఇప్పుడు ఆయన అబద్ధం ఆడవలసిన పని లేదు. నోరు విప్పకపోతే చాలు. చిన్నాడికి ఏడు పడతాయి. పెద్దాడు తడవని మూలకు చేరుతాడు. తాళంచెవి మొలతాటిని విడవదు. రేపు కంపెనీవారు వచ్చి పసుపు చూసి నవ్వుకున్నా, నిర్ణయం అయిపోయి ఉంటుంది. పైగా తాను కావాలని చేసినది కాదు, భక్తితో చేసినది. ఇన్ని సమాధానాలు ఒక్క క్షణంలో దొరికినందుకే ఆయనకు భయం వేసింది. ధర్మమైన పనికి ఇన్ని సమాధానాలు అక్కరలేదు. నిన్ననే నమస్కరించిన చేతులు ఇవి.

"రాయకు బాబూ," అన్నాడు.

కమలేష్ తల ఎత్తాడు.

"ఆడి తప్పు కాదది. నాది. నిన్న బాటరీ పళ్ళకి పసుపెట్టించినాను. నా ప్లగ్గు తుడుచుకున్నాను గానీ, ఆడి పళ్ళు తుడవలేదు."

సునీల్‌కుమార్ బ్యాటరీ ఊడదీసి, వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి గాళ్ళలోకి చూశాడు. లోతున, ఇత్తడి కనబడకుండా, పసుపు గట్టిగా ఎండి ఉన్నది. తరువాత గడ్డిలో చతికిలబడి, భుజాలు కదిలేటట్టు నవ్వసాగాడు.

"పద్దెనిమిదేళ్ళ సర్వీసులో చీమలు చూసినాను, బల్లి చూసినాను, ఎలక కొరికిన కేబుల్ చూసినాను. కాంటాక్టుకి గంధం ఎట్టడం ఇదే చూడ్డం మావా."

"గంధం తక్కువే, పసుపెక్కువ," అన్నది వెనుకనుంచి వరహాలమ్మ. టీ తెచ్చి, జరిగినదంతా విని నిలబడి ఉన్నది. "ఆయన్నంటారేటి? ఎట్టింది నాను. సీపురుపుల్ల నాది. నా పేరు రాసుకో బాబూ."

"నువ్వుండెహె. చూపించింది నాను. నా పేరే రాయాలి."

"సూపిస్తే మాత్రం, సేతులు నావి కావేటి?"

"అత్తా, మావా, ఇద్దరూ ఆగండి," అన్నాడు సునీల్‌కుమార్ లేచి. నవ్వు తగ్గింది. "రాయాల్సింది నా పేరు. కాంటాక్టులు తడి కాకూడదని, ముట్టకూడదని మిషనుతో వచ్చిన పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది. ఆషాఢం నుంచి ఆ పుస్తకం నా బేగ్‌లోనే ఉంది. మావకి చదివి చెప్పలేదు. చెప్తే మా చిన్నాడి లోపాలన్నీ తెలిసిపోతాయని దాచినాను."

కమలేష్ కలం గాలిలోనే నిలిచిపోయింది. ఫెయిల్యూరుకు కారణం తేల్చడానికి శాఖలన్నీ కూర్చొని రాసుకునే ఉమ్మడి కాగితాలు అతడు వందలు రాశాడు. అన్నింటిలోనూ ప్రతి శాఖా తప్పు పక్కశాఖదని వాదించేది.

"అరె, ఇరవై రెండేళ్ళుగా జాయింట్ నోట్ రాస్తున్నాను," అన్నాడు. "తప్పు నాది అంటే నాది అని కొట్టుకోవడం ఇంతవరకు చూడలేదు. దీనికి ఫారమే లేదు. మత్‌లబ్, ఏ కాలమ్‌లో రాయాలి?"

"దేవుడి కాలమ్‌లో రాయి సార్," అన్నది భీమే. "జల్ది రాయి. వానొస్తున్నది. నా గోల్ కాడ గడ్డి కోస్తరా, నోటే రాస్తరా?"

కమలేష్ ఒక్క వాక్యం రాశాడు: మనుషుల వల్ల కలిగిన ఆటంకం, యంత్రాలకు సంబంధం లేదు. ముగ్గురూ దాని కింద సంతకం చేశారు. ఆరుకు ఆరు అలాగే నిలిచింది.

చీపురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పెట్టిన చేతులతోనే వరహాలమ్మ రెండు బ్యాటరీల పసుపునూ తీసింది. బొత్తాము నొక్కగానే చిన్నాడు తుమ్మెదలా పాడాడు. సునీల్‌కుమార్ అటు బయలుదేరాడు. ఇటు తాతబాబు తాడు లాగాడు. దగ్గు. మళ్ళీ లాగాడు. అలక. ఏడోసారికి ఆయన భుజం పట్టేసింది. భీమే తట్ట మీదనుంచి లేచి వచ్చి, "జరుగు తాతా," అని తాడు అందుకొన్నది. బంతిని ఆపే చేయి అది. ఒక్కటే లాగు. పెద్దాడు ఉలిక్కిపడి నీలిపొగ విడిచి లేచాడు.

గంటంబావు పాటు మైదానం మీద తుమ్మెద రొద ఒకవైపు, కొలిమి ఊపిరి మరొకవైపు సాగాయి. మధ్యలో చిన్నాడు ఒకసారి బ్యాటరీ మార్చించుకున్నాడు. అది ఫెయిల్యూరు కాదని కమలేష్ స్వయంగా అన్నాడు. పెద్దాడు ఒకసారి గడ్డి మింగలేక దగ్గాడు. తాతబాబు కొంచెం వెనక్కు లాగి, నచ్చజెప్పి, ముందుకు తోశాడు. సున్నపు గీత దగ్గర ఇద్దరూ కలిశారు. ఎవడూ ఆగలేదు. ఏడు ముప్పావుకు మొదటి చినుకు పడింది.

అందరూ షెడ్డు చూరు కిందికి చేరారు. కమలేష్ రిజిస్టరు తడవకుండా పొట్టకు అదుముకొని, "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు. "ఇద్దరూ పాస్. నడుస్తున్న మెషీన్‌ని కండెమ్ చేస్తే నన్ను కండెమ్ చేస్తారు. మూలేమో ఒక్కటే."

తాతబాబు వాన వంక చూస్తున్నాడు. మైదానం రెండు సగాలలో తేడా కనబడుతూనే ఉన్నది. చిన్నాడు కోసిన సగం దువ్విన తలలా సమంగా ఉన్నది. పెద్దాడి సగంలో అక్కడక్కడ ముడులు మిగిలాయి. మెకానిక్కు కన్ను తనది కాదనుకొన్నా ఆ తేడా మాసిపోదు.

"చిన్నాడే ఉండాలి," అన్నాడు చివరకు. "ఇక్కడ కరెంటు వస్తాది, పోతాది, మళ్ళీ వస్తాది. ఆడికి సాలు. ఆవూ ఒప్పుకుంది. భీమే, మీ బడి కాడ గడ్డి నడుందాకా అన్నావు కదా."

భీమే కళ్ళు విచ్చుకున్నాయి. "ఇస్తవా తాతా?"

"నానెవుడ్నే ఇవ్వడానికి. ఇన్‌స్టిట్యూట్‌ది. కమలేష్ బాబూ, కరెంటు లేని ఊళ్ళో మీ రిజిస్టరు పెకారం ఎవుడు నమ్మకస్తుడు?"

కమలేష్ ముఖం వికసించింది. కండెమ్ కాదు, బదిలీ కూడా కాదు. అతనికి దీనికి సరిపోయే మాట దొరికింది. "డిప్యుటేషన్," అన్నాడు తృప్తిగా. "పెద్దోడు డిప్యుటేషన్ మీద ఆవపల్లి వైపు వెళ్తాడు. పేరు మన రిజిస్టర్‌లోనే ఉంటుంది. ఎప్పుడైనా పిలిపించుకోవచ్చు."

"పెట్రోలో?" అన్నది వరహాలమ్మ.

"కిరాణా దుకాణంల సీసాలల్ల అమ్ముతరు అత్తా. మా తమ్ముడు మంగల్‌ది బండే దాంతోటి నడుస్తది."

అప్పుడు తాతబాబు మొలతాటి ముడి విప్పాడు. ముడి పదకొండేండ్లది గనుక త్వరగా రాలేదు. తాళంచెవిని అరచేతిలో పెట్టి సునీల్‌కుమార్ ముందుకు చాచాడు. "కాయిదా పెకారం నీదిరా."

సునీల్‌కుమార్ తీసుకోలేదు.

"మావా, నాకు పిలుపొస్తే అన్నం ముందునుంచి లేచిపోవాలి. కొరాపుట్ వైపు ఎల్తే మూడ్రోజులు రాను. బాటరీని రోజూ చూడాలి. పూర్తిగా ఖాళీ అవనివ్వకూడదు, కరెంటు ఉన్నప్పుడే ఎట్టాలి, నిండితే తియ్యాలి, పళ్ళు తుడవాలి. మరిచిపోతే చిన్నాడు బొమ్మే. మరిచిపోని మడిసి కావాలి. నిన్న నాకు ఆ మడిసి ఎవరో తెలీదు. ఇయ్యాల తెలిసింది." అతడు సంచిలోనుంచి నలిగిన చిన్న పుస్తకం తీసి, ఆ చాచిన అరచేతిలో తాళంచెవి మీద పెట్టాడు. "నాలుగో పేజీ నుంచి చదువుదాం. సోమవారం టీకి వత్తాను."

తాతబాబు పుస్తకాన్నీ తాళంచెవినీ కలిపి చేయి ముడిచాడు. పెద్దాడు నైమిత్తిక కర్మవంటివాడు. ఆపద వచ్చిననాడు నైపుణ్యం అడుగుతాడు. చిన్నాడు నిత్యవిధివంటివాడు; ఏ ఆపదా లేని నాడు కూడా దీపం పెట్టినట్టు జ్ఞాపకం పెట్టుకోవాలి. డెబ్బై రెండేండ్ల వయసులో నైమిత్తికంకంటె నిత్యమే తనకు తగినదని ఆయనకు తోచింది. భుజం కూడా అదే చెప్పింది.

"సరే గానీ," అన్నాడు, "ఆ పుస్తకం అచ్చరాలు చిన్నవి. నువ్వే సదవాలి."

మరునాటి మ్యాచ్‌లో భీమే మూడు బంతులు ఆపింది, ఒకటి వదిలింది. వదిలిన బంతి పెద్దాడు మిగిల్చిన గడ్డిముడికి తగిలి దారి తప్పిందని ఆమె ఫిర్యాదు. ఆ ఫిర్యాదుతో సహా మ్యాచ్ సమంగా ముగిసింది.

వారం తరువాత పెద్దాడిని జీపు వెనుక తాళ్ళతో కట్టారు. భీమేకు తాతబాబు మూడు సాయంకాలాలు ప్లగ్గు ఊడదీయడం, జల్లెడ కడగడం, నాళం ఊదడం నేర్పాడు. భీమే దానితో బయలుదేరే వేళకు వరహాలమ్మ పసుపుగిన్నె తెచ్చి, మూత మీద చేయి వేసి, భర్త వంక చూసింది.

"పైనే ఎట్టు," అన్నాడు తాతబాబు. "పిడి మీదెట్టు సాలు. దారిలో ఆడికి అంగీయే దేవుడు."

నాలుగు రోజులకు ఫోను వచ్చింది. పల్లెలో సిగ్నల్ అందదు గనుక భీమే బడి వెనుక గుట్ట ఎక్కి మాట్లాడుతున్నది. గాలిలో ఆమె గొంతు తెగి తెగి వినబడింది. తాతబాబు షెడ్డు ముందు కూర్చొని, చిన్నాడి రెండో బ్యాటరీ పళ్ళు పొడిగుడ్డతో తుడుస్తూ, ఫోను చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకున్నాడు.

"బడి ముందటంత సాపయింది తాతా. పిల్లలు పొద్దుగాల నుంచి ఆడుతున్నరు. ఒక్క పాము దొరికింది, అదీ పసిరికె, విషం లేనిది. ఉరికింది."

"పెద్దాడు ఎన్ని లాగులకి లేచినాడు?"

"నాకైతే రెండు. మంగల్‌కు పదిహేను."

తాతబాబు ఆ పదిహేను అన్న మాటను కొంతసేపు ఆస్వాదించాడు.

"మీ తమ్ముడికి సెప్పు," అన్నాడు, "లాగేముందు ఓసారి పలకరించమని. ఆడు అలిగే రకం."

లోపల చార్జరు మీద ఎర్రదీపం ఆరి, పచ్చదీపం వెలిగింది. ఆయన ఫోను పెట్టేసి, లేచి, బ్యాటరీ తీయడానికి లోపలికి వెళ్ళాడు.